విక్రమ్ దిగిన చోటు మనమూ వెతుక్కోవచ్చు

పోయిన సంచికలో చంద్రయాన్-3 గురించి క్లుప్తంగా రాశాం. తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. దాని ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగడం చూశాం సరే, సరిగ్గా ఎక్కడ దిగిందో ఎలా తెలుస్తుంది, ఆ చోటు మనం చూడగలమా అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాం.

ప్రశ్న: 2023 ఆగస్టు 23 సాయంత్రం ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాం. తెర మీద ఒక వంపు గీత, దాని వెంట జరిగే చుక్క, పక్కన మారిపోయే అంకెలు. ఏది చూడాలో తెలియక చప్పట్లు మోగేదాకా టెన్షన్ పడ్డాం. తర్వాతి ల్యాండింగ్‌కి ఏం గమనించాలి? (ఒక గృహిణి)

జవాబు: ముందుగా ఒక మాట. ఆ తెర మీద మంటలు చిమ్ముతూ దిగిన ల్యాండర్ బొమ్మ యానిమేషన్. పక్కన నిలబడి వీడియో తీసే కెమెరా అక్కడ లేదు. నిజంగా ల్యాండర్ నుంచి వస్తున్నవి ఆ అంకెలే, కాబట్టి బొమ్మని వదిలేసి అంకెలు పట్టుకోండి.

అంకెల్లో కూడా రెండు వేగాలుంటాయి, అడ్డంగా వెళ్ళే వేగం ఒకటి, కిందికి దిగే వేగం ఒకటి. చాలామంది ఎత్తు ఎంత తగ్గిందో చూస్తూ కూర్చుంటారు కానీ మొదట్లో అసలు కథ అడ్డ వేగానిదే. ఆ రోజు సాయంత్రం 5.45 ప్రాంతంలో ఇంజిన్లు మండినప్పుడు విక్రమ్ దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తులో ఉంది, సెకనుకి 1.68 కిలోమీటర్ల వేగంతో చంద్రుడి చుట్టూ అడ్డంగా దూసుకుపోతోంది. ఆ వేగాన్ని చంపకపోతే దిగడమనే మాటే లేదు. అందుకే రఫ్ బ్రేకింగ్ అనే మొదటి దశకే 690 సెకన్లు, అంటే పదకొండున్నర నిమిషాలు కేటాయించారు. ఆ దశ ముగిసేసరికి ఎత్తు 7.4 కిలోమీటర్లకి, అడ్డ వేగం సెకనుకి సుమారు 358 మీటర్లకి తగ్గాలి. ఈ లోపల ల్యాండర్ నేల మీదుగా 700 కిలోమీటర్లకి పైగా ప్రయాణిస్తుంది. ఆ తర్వాత పది సెకన్లు ల్యాండర్ తన కెమెరాలు, ఎత్తు కొలిచే పరికరాలు నేలని సరిగ్గా చూసేట్టు సర్దుకుంటుంది, దాని తర్వాత 175 సెకన్లు ఫైన్ బ్రేకింగ్. చివర్లో 150 మీటర్ల ఎత్తున గాల్లో ఆగినట్టు నిలబడి (అక్కడ గాలి లేదనుకోండి, మాట వరసకి అన్నాను) కింద రాళ్ళూ గుంతలూ ఉన్నాయేమో చూసుకుని దిగుతుంది.

తెర మీది గీత ముందే లెక్కగట్టిన దారి. చుక్క ఆ గీత మీద ఉన్నంతసేపూ ఊపిరి పీల్చుకోవచ్చు. 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 దిగేటప్పుడు ఆ చుక్క గీతని వదిలి పక్కకి జరగడం దేశమంతా చూసింది. 2.1 కిలోమీటర్ల ఎత్తు వరకూ అంతా బాగానే ఉందని ఇస్రో చెప్పిన మాట మీకు గుర్తుండే ఉంటుంది.

ఇంకొకటి, కంట్రోల్ రూమ్‌లో అంతమంది ఉన్నా ఆ చివరి నిమిషాల్లో ఎవరూ స్టీరింగ్ తిప్పరు. చంద్రుడి నుంచి రేడియో సిగ్నల్ రావడానికి 1.3 సెకన్లు, మన మాట తిరిగి చేరడానికి మరో 1.3 సెకన్లు. అంత ఆలస్యంతో నడపడం కుదరదు, ల్యాండర్ తన నిర్ణయాలు తనే తీసుకుంటుంది. కింద ఉన్నవాళ్ళూ మనలాగే చూస్తూ ఉంటారు, కాకపోతే వాళ్ళకి అంకెలు ఎక్కువ కనిపిస్తాయి.

ప్రశ్న: ఇస్రో తప్ప బయటివాళ్ళెవరూ ల్యాండింగ్‌ని స్వతంత్రంగా గమనించలేరా? (పోటీ పరీక్షలకి చదువుతున్న యువకుడు)

జవాబు: గమనించగలరు, గమనించారు కూడా. ల్యాండర్ రేడియోలో మాట్లాడుతూనే ఉంటుంది కాబట్టి తగిన యాంటెన్నా ఉన్నవాళ్ళు ఆ సిగ్నల్‌ని పట్టుకోవచ్చు. లోపలి సమాచారం అర్థం కాకపోయినా పర్వాలేదు, ఫ్రీక్వెన్సీ ఎంత మారుతోందో చూస్తే చాలు. ల్యాండర్ మన వైపు వస్తుంటే ఫ్రీక్వెన్సీ కొంచెం పెరుగుతుంది, దూరమవుతుంటే తగ్గుతుంది. అదే డాప్లర్ ప్రభావం. బ్రేకులు వేస్తున్న ల్యాండర్ గీసే వంపు ఒకలా ఉంటుంది, అదుపు తప్పినప్పుడు మరోలా ఉంటుంది. నెదర్లాండ్స్‌లోని డ్వింగెలూ దగ్గర 25 మీటర్ల పాత రేడియో టెలిస్కోప్ ఒకటుంది, 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ (దాని పేరూ విక్రమే) దిగుతున్న సమయంలో దాని సిగ్నల్‌ని అక్కడ పట్టి ఆ వంపుని అందరికీ చూపించారు. సిగ్నల్ ఉన్నట్టుండి ఆగిపోవడం అందులో స్పష్టంగా కనిపించింది.

అయితే ఇది ‘దిగిందా లేదా’ అనేదానికి జవాబు. ‘ఎక్కడ’ అన్నదానికి ఫొటో కావాలి.

ప్రశ్న: విక్రమ్ దిగిన చోటు ఒక చోట 69.37 దక్షిణం, 32.35 తూర్పు అని ఉంది. ఇంకో చోట 69.373 దక్షిణం, 32.319 తూర్పు అని ఉంది. ఏది నిజం? ఇంత తేడా ఎలా వచ్చింది? (బీఎస్సీ విద్యార్థిని)

జవాబు: రెండూ నిజమే, కానీ రెండూ ఒకటి కాదు. మొదటిది దిగాలనుకున్న చోటు, అంటే 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పు ఉన్న గురి ప్రాంతానికి మధ్య బిందువు, పూర్తిగా రాస్తే 69.3676 దక్షిణ అక్షాంశం, 32.3481 తూర్పు రేఖాంశం. రెండోది నిజంగా దిగిన చోటు. ఇంటర్నెట్‌లో చాలామంది మొదటిదాన్నే కాపీ చేసుకుంటూ పోతున్నారు, దాన్ని పట్టుకుని ఫొటోలో వెతికితే ల్యాండర్ కనిపించదు.

తేడా ఎంతో మీరే లెక్క వేసుకోవచ్చు, సైన్సు విద్యార్థిని కాబట్టి తప్పకుండా వేయండి. చంద్రుడి వ్యాసార్థం 1,737 కిలోమీటర్లు, అంటే ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 30.3 కిలోమీటర్లు. 0.0054 డిగ్రీల తేడా అంటే దాదాపు 164 మీటర్లు దక్షిణానికి. రేఖాంశం దగ్గర జాగ్రత్త, ధ్రువం వైపు వెళ్ళేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి కదా, 69.37 డిగ్రీల దగ్గర ఒక డిగ్రీ 10.7 కిలోమీటర్లే. 0.0291 డిగ్రీలంటే 311 మీటర్లు పడమరకి. ఈ రెండిటినీ పైథాగరస్ సూత్రంలో పెడితే 350 మీటర్లు వస్తుంది. నాలుగు లక్షల కిలోమీటర్ల దూరాన జీపీఎస్ లేకుండా, కెమెరాతో కింది నేలని చూసి లోపల దాచుకున్న ఫొటోలతో పోల్చుకుంటూ, లేజర్‌తో వేగం కొలుచుకుంటూ దిగిన యంత్రం గురి నుంచి 350 మీటర్లు మాత్రమే తప్పుకుంది. నా దృష్టిలో ఆ సాయంత్రపు చప్పట్లన్నీ ఈ అంకెకే చెందాలి.

జపాన్ వాళ్ళ స్లిమ్ ల్యాండర్ 2024 జనవరిలో ఇంకా దగ్గరగా, గురికి 55 మీటర్లలో దిగింది. ఒక ఇంజిన్ పోయి తలకిందులుగా నిలబడినా చోటు మాత్రం అంత కచ్చితంగా పట్టింది.

ప్రశ్న: మా దగ్గర ఆరు అంగుళాల టెలిస్కోప్ ఉంది. విక్రమ్ కనిపిస్తుందా? (విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: విక్రమ్ కనిపించదు మాస్టారూ. మీ టెలిస్కోప్‌లోనే కాదు, అంతరిక్షంలో తిరిగే హబుల్ టెలిస్కోప్‌లోనూ కనిపించదు. హబుల్ చంద్రుడి మీద విడదీసి చూపగల అతి చిన్న వస్తువు సుమారు 90 మీటర్లు ఉండాలి, విక్రమ్ రెండు మీటర్లు. భూమి నుంచి దాన్ని చుక్కగా పట్టాలన్నా వంద మీటర్లకి మించిన అద్దం కావాలి.

కానీ ఆ ప్రాంతాన్ని మీ టెలిస్కోప్‌లో హాయిగా చూడొచ్చు. చంద్రుడి దక్షిణపు అంచు దగ్గర మాంజినస్ అనే పెద్ద బిలం ఉంది, దాదాపు 98 కిలోమీటర్ల వెడల్పు. దానికి కొంచెం దక్షిణంగా, తూర్పుగా వస్తే విక్రమ్ దిగిన మైదానం. శుక్ల పక్షంలో పంచమి ప్రాంతంలో అక్కడ తెల్లవారుతుంది, సప్తమి, అష్టమి రాత్రుల్లో నీడలు ఇంకా పొడవుగా ఉండి బిలాల అంచులు బాగా తెలుస్తాయి. పౌర్ణమికి చూడకండి, వెలుగు తప్ప ఏమీ తెలియదు. చంద్రుడు కొద్దికొద్దిగా ఊగుతుంటాడు కాబట్టి దక్షిణపు అంచు మన వైపు వంగిన నెలల్లో ఇంకా బాగుంటుంది.

ప్రశ్న: ఆర్బిటర్ తీసిన ఫొటోలో బాణం గుర్తు పెట్టి ‘ఇదిగో ల్యాండర్’ అంటారు. నాకు అన్నీ చుక్కల్లాగే కనిపిస్తున్నాయి. బాణం లేకపోతే ఎలా గుర్తుపట్టాలి? (ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: ఈ ప్రశ్న కోసమే ఎదురుచూశాను. ఇక్కడ కాసేపు ఆగుదాం.

ముందు ఎవరి ఫొటో అన్నది. నాసా వాళ్ళ లూనార్ రికానిసెన్స్ ఆర్బిటర్, పొట్టిగా ఎల్‌ఆర్‌ఓ, 2009 నుంచి చంద్రుడి చుట్టూ తిరుగుతోంది. 50 కిలోమీటర్ల ఎత్తు నుంచి తీస్తే దాని ఇరుకు కెమెరాలో ఒక పిక్సెల్ నేల మీద అర మీటరు. మన చంద్రయాన్-2 ల్యాండర్ పోయినా ఆర్బిటర్ బతికే ఉంది, దాని ఓహెచ్‌ఆర్‌సీ కెమెరా వంద కిలోమీటర్ల ఎత్తు నుంచి పిక్సెల్‌కి పాతిక సెంటీమీటర్లు చూడగలదు. అంటే విక్రమ్ ఎల్‌ఆర్‌ఓ ఫొటోలో అటు నాలుగు, ఇటు నాలుగు పిక్సెళ్ళు. అందులో కాళ్ళూ సోలార్ పలకలూ కనిపిస్తాయని ఆశపడితే నిరాశే.

మరి దేన్ని చూడాలి? నీడని. విక్రమ్ దిగిన అక్షాంశం దగ్గర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఆకాశంలో 20 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటాడు. అప్పుడు రెండు మీటర్ల ఎత్తున్న వస్తువు నీడ ఐదున్నర మీటర్లు పడుతుంది, సూర్యుడు 10 డిగ్రీల దగ్గర ఉంటే పదకొండు మీటర్లు. వస్తువు కన్నా నీడే పెద్దది. కాబట్టి ఫొటో తెరిచిన వెంటనే ఎండ ఏ వైపు నుంచి పడుతోందో తేల్చుకోండి. గుంత అయితే సూర్యుడి వైపు గోడ చీకటిగా, ఎదుటి గోడ వెలుగుగా ఉంటుంది. రాయి కానీ ల్యాండర్ కానీ అయితే సరిగ్గా దానికి తిరగబడి, సూర్యుడి వైపు తెల్లగా, ఆవలి వైపు నల్లటి తోక. కొత్తవాళ్ళ కళ్ళకి గుంతలన్నీ బొబ్బల్లా ఉబ్బి కనిపించడం మామూలే. అప్పుడు ఫొటోని తిప్పి వెలుగు పై నుంచి పడేట్టు పెట్టుకోండి, మెదడు దారిలోకి వస్తుంది.

నీడ ఉన్న తెల్ల చుక్క దొరికింది, కానీ అలాంటి రాళ్ళు బోలెడు. ఇక్కడ రెండో ఆధారం, పాత ఫొటో. దిగక ముందు తీసినదీ దిగాక తీసినదీ పక్కపక్కన పెట్టి, ముందు లేనిదేదో చూడాలి. వినడానికి తేలిక. చేసేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. రెండు ఫొటోల్లో సూర్యుడు వేరు వేరు చోట్ల ఉంటే నీడలన్నీ మారిపోతాయి, ఉన్న రాయి మాయమైనట్టూ లేని రాయి మొలిచినట్టూ అనిపిస్తుంది. అందుకని వెలుగు కోణం దాదాపు ఒకేలా ఉన్న ఫొటోల్నే జత కట్టాలి. విక్రమ్ విషయంలో మనకి అదృష్టం కలిసొచ్చింది, అది దిగడానికి కొన్ని గంటల ముందూ, దిగిన కొన్ని గంటల తర్వాతా చంద్రయాన్-2 ఆర్బిటర్ ఆ చోటుని ఫొటో తీసింది.

మూడో ఆధారం నాకు అన్నిటికన్నా ఇష్టం. ఇంజిన్ల పొగ ధాటికి పైపొర దుమ్ము లేచిపోయి ల్యాండర్ చుట్టూ నేల రంగు మారుతుంది, ఫొటోలో అది వెలుగు వలయంలా కనిపిస్తుంది. 2023 ఆగస్టు 27న ఎల్‌ఆర్‌ఓ పక్కకి బాగా వాలి తీసిన ఫొటోలో విక్రమ్ చుట్టూ ఆ వలయం ఉంది. హైదరాబాద్‌లోని ఇస్రో సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ శాస్త్రవేత్తలు ఓహెచ్‌ఆర్‌సీ ఫొటోలని పోల్చి, సుమారు 2.06 టన్నుల దుమ్ము 108.4 చదరపు మీటర్ల మేర చెదిరిందని లెక్క తేల్చారు. ల్యాండర్ నాలుగు పిక్సెళ్ళే అయినా దాని చుట్టూ చెదిరిన నేల అంతకన్నా చాలా పెద్దది, కంటికి ముందు తగిలేది అదే.

ఇక వెతికే క్రమం. నేరుగా సన్న చుక్కల్లోకి దూకొద్దు. ముందు మాంజినస్ లాంటి పెద్ద బిలం, దాని నుంచి కిలోమీటరు వెడల్పున్న బిలాలు, వాటి మధ్య ఏదో ఒక ఆకారం, త్రిభుజమో వంకర వరసో, మీకు గుర్తుండేది ఎంచుకుని అక్కడి నుంచి ఇంకా చిన్నవాటికి దిగండి. ఇది కొత్త పద్ధతి కాదు. 1967 ఏప్రిల్లో సర్వేయర్ 3 అనే మనుషులు లేని నాసా ల్యాండర్ ఎక్కడ దిగిందో యూవెన్ విటేకర్ అనే శాస్త్రవేత్త ఇలాగే తేల్చారు, సర్వేయర్ నేల మీంచి పంపిన ఫొటోల్లోని రాళ్ళనీ గుంతలనీ, కక్ష్య నుంచి తీసిన లూనార్ ఆర్బిటర్ ఫొటోలతో కళ్ళతోనే సరిపోల్చి. ఆయన చూపించిన చోటుని నమ్ముకుని 1969 నవంబరులో అపోలో 12 వ్యోమగాములు దానికి 200 మీటర్ల లోపే దిగారు, నడిచి వెళ్ళి దాని కెమెరాని విప్పి భూమికి తెచ్చారు.

ప్రశ్న: చంద్రయాన్-2 శకలాలని ఒక మామూలు ఇంజనీర్ కనిపెట్టాడని విన్నాను. నాసాకి దొరకనిది ఆయనకెలా దొరికింది? (బ్యాంకు ఉద్యోగి)

జవాబు: చెన్నైకి చెందిన షణ్ముగ సుబ్రమణియన్ గురించి మీరు అడుగుతున్నారు. 2019 సెప్టెంబరు 17న ఎల్‌ఆర్‌ఓ తీసిన ఫొటోలని నాసా ఆ నెల 26న అందరికీ విడుదల చేసింది. ఆయన దాన్ని పాత ఫొటోలతో పోల్చి చూస్తూ, అంతకు ముందు లేని ఒక తెల్ల పిక్సెల్‌ని పట్టుకున్నారు. ఒక్కటంటే ఒక్కటి. ఆ విషయం నాసాకి రాశారు. అది అసలు కూలిన చోటుకి 750 మీటర్లు వాయవ్యంగా పడిన ముక్క. సెప్టెంబరు ఫొటోలో కూలిన చోటు వెలుగు సరిగా లేక ఏమీ తెలియలేదు. ఆయన చెప్పాక ఎల్‌ఆర్‌ఓ కెమెరా బృందం అక్టోబరు 14, 15 తేదీల్లో, నవంబరు 11న తీసిన ఫొటోలతో సరిచూసి, మిగతా శకలాలని కూడా గుర్తించింది. డిసెంబరు 2న నాసా ఆయన పేరుతోనే ప్రకటించింది.

నాసాకి చేతకాలేదని దీన్ని అర్థం చేసుకోవడం సరి కాదు. వాళ్ళు ఫొటోలు దాచుకోకుండా అందరి ముందూ పెట్టారు కాబట్టే ఇది జరిగింది. కోట్ల పిక్సెళ్ళలో ఒకటి తేడాగా ఉందంటే దాన్ని పట్టుకోవడానికి కావలసింది ఓపికే, ఆ ఓపిక ఎవరి దగ్గరైనా ఉండొచ్చు.

ప్రశ్న: కూలిపోయినవాటిని కూడా కనుక్కోగలరా? లూనా-25 ఏమైంది? (అదే పాఠకుడు)

జవాబు: కూలిన వేగాన్ని బట్టి. రష్యా వాళ్ళ లూనా-25 ల్యాండర్ విక్రమ్ దిగడానికి నాలుగు రోజుల ముందు, ఆగస్టు 19న కూలింది. ఎల్‌ఆర్‌ఓ 24న ఆ ప్రాంతాన్ని ఫొటో తీసి 2022 జూన్ నాటి ఫొటోతో పోల్చితే సుమారు 10 మీటర్ల కొత్త గుంత కనిపించింది. అనుకున్న చోటుకి దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో. అక్కడ వెతకాల్సింది లోహపు ముక్కని కాదు, తాజా గుంతని.

ప్రశ్న: విక్రమ్ ఇప్పుడు పనిచేయడం లేదు కదా. ఇక అది ఎక్కడుందో కొలవడం వల్ల లాభమేమిటి? (ఒక పాఠకురాలు)

జవాబు: విక్రమ్ నిద్రపోయినా దాని మీద కరెంటు అవసరం లేని చిన్న పరికరం ఒకటుంది, ఐదు సెంటీమీటర్ల వెడల్పున్న లేజర్ రిఫ్లెక్టర్, నాసా ఇచ్చింది. దాని మీద పడ్డ కాంతిని వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. 2023 డిసెంబరు 12న వంద కిలోమీటర్ల దూరం నుంచి ఎల్‌ఆర్‌ఓ లేజర్ వేస్తే విక్రమ్ నుంచి కాంతి తిరిగొచ్చింది. అంటే ముందుముందు ఆ దారిన వెళ్ళే నౌకలకి అది దశాబ్దాల పాటు గుర్తురాయిలా ఉంటుంది.

ఇలాంటి రాయి విలువేమిటో లూనోఖోద్-1 చూపించింది. ఆ సోవియట్ రోవర్ 1971లో మూగబోయింది, దాని మీద కూడా ఒక రిఫ్లెక్టర్ ఉంది, కానీ రోవర్ కచ్చితంగా ఎక్కడుందో తెలియక దాదాపు నలభై ఏళ్ళు దాని మీద లేజర్ పడలేదు. 2010లో ఎల్‌ఆర్‌ఓ ఫొటోల్లో అది కనిపించాక, ఆ ఏప్రిల్లోనే అమెరికాలోని అపాచీ పాయింట్ అబ్జర్వేటరీ నుంచి లేజర్ వేస్తే గట్టి సిగ్నల్ తిరిగొచ్చింది.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి, తనకి ఇవన్నీ పిచ్చి. కంప్యూటర్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక తండ్రి)

జవాబు: విక్రమ్‌తో మొదలుపెట్టకండి, కష్టం. క్విక్‌మ్యాప్ అనే వెబ్‌సైట్‌లో ఎల్‌ఆర్‌ఓ ఫొటోలన్నీ మ్యాపులాగా అతికించి ఉంటాయి, డబ్బులేమీ కట్టక్కర్లేదు. ముందు అపోలో 17 దిగిన చోటుకి వెళ్ళమనండి, 20.19 ఉత్తరం, 30.77 తూర్పు. అక్కడ ల్యాండర్ అడుగు భాగం, దాని నీడ, మనుషులు నడిచిన చారలు కూడా తెలుస్తాయి కాబట్టి కన్ను అలవాటు పడుతుంది. అది దొరికాక 69.373 దక్షిణం, 32.319 తూర్పు. దక్షిణ అక్షాంశానికి ముందు మైనస్ గుర్తు పెట్టాలని చెప్పండి, లేదంటే ఉత్తర ధ్రువం దగ్గర తిరుగుతూ ఉంటుంది. ఇంకొంచెం పెద్దయ్యాక ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే చంద్రయాన్-2 ఫొటోలు అసలు రూపంలోనే దొరుకుతాయి. అక్కడి ముడి ఫొటోలు ఒక్కోసారి తిరగబడి ఉంటాయి, ఉత్తరం ఎటో ముందు తేల్చుకోవాలి.

తను ఏదైనా చుక్కని అనుమానిస్తే ఆ ఫొటో నంబరు, తీసిన తేదీ, అక్షాంశ రేఖాంశాలు నోట్‌బుక్‌లో రాసుకోమనండి, పక్కనే అదే చోటు పాత ఫొటో నంబరు కూడా. ఆ రెండు నంబర్లూ ఉంటే ఇంకెవరైనా తెరిచి సరిచూడగలరు. మాకు రాసినా సంతోషమే, వచ్చే సంచికకి ఆ ఫొటోలు తెరిచి చూసి జవాబిస్తాం.